అవుకును 'ఓక్' చేయకండి

సంపాదకుడు గారికి,

మా కర్నూలులో కొందరు కుర్రాళ్ళు ఉమ్మడి జిల్లా ఊళ్ళ పేర్లన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఒకేసారి ఎక్కించేద్దామని ఉత్సాహంగా ఉన్నారు. 2004లో ఇంగ్లండులో మొదలైన మ్యాప్ అది, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. తీరిక దొరికితే నేనూ అందులో పొలం దారులు గీస్తుంటాను కాబట్టి పని మంచిదేనని నాకు తెలుసు. కానీ వాళ్ళ దగ్గరున్నది ఇంగ్లీషు జాబితా, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తెలుగు చేసి తోసేద్దామంటున్నారు, నా టెన్షనంతా అక్కడే.

అవుకును ఇంగ్లీషులో ఓ, డబ్ల్యూ, కే అని మూడక్షరాలతో రాస్తారు. మిషను దాన్ని 'ఓక్' అనక ఏమంటుంది? పత్తికొండ 'పట్టికొండ' అయినా అవుతుంది. ప్యాపిలి స్పెల్లింగు చూస్తే ఆ ఊరివాళ్ళే గుర్తుపట్టరు!

పేర్లు సరిచేసుకున్నా ఇంకో తంటా ఉంది. రెవెన్యూ జాబితాలో బేచిరాక్ గ్రామాలుంటాయి, అంటే రికార్డులో ఊరు, అక్కడికి పోతే ఒక్క ఇల్లుండదు. జనం కాపురముంటున్న మజరాలు, అంటే శివారు పల్లెలు, చాలావరకు అందులో కనబడవు. శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో మునిగిన ఊళ్ళ సంగతి సరేసరి, పాయింటు ఎక్కడ పడుతుందో చూసుకోకపోతే రిజర్వాయరు నడిమధ్య ఊరు తేలుతుంది. పాత జాబితా నమ్ముకుంటే జిల్లా పేరూ తప్పుతుంది: 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాగా ఉన్న డోన్, ప్యాపిలి, అవుకు 2022 నుంచి నంద్యాల జిల్లా.

పేరు పక్కన మండలం కూడా ఉండాలి. మా మేనకోడలి పెళ్ళిచూపులకు బెంగళూరు నుంచి వస్తున్నవాళ్ళు ఫోన్‌లో చూసుకుని వేరే కొత్తపల్లెకు పోయి, అక్కడ రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళను మా ఇంటిపేరు అడిగారట, మధ్యాహ్నం భోజనాలు నాలుగింటికి పెట్టాం. (సంబంధం కుదిరిందిలెండి.)

ఆ మ్యాప్‌కు పద్ధతులున్నాయి. ఇలా మూకుమ్మడిగా ఎక్కించేముందు మిగతా మ్యాపర్లతో చర్చించాలి, విడిగా ఒక ఖాతా తెరవాలి, ఆ డేటా వాడుకోవడానికి లైసెన్సు ఒప్పుకుంటుందో లేదో చూడాలి. ప్రభుత్వ సైట్‌లో కనబడినంత మాత్రాన మనది అయిపోదు. అంతకన్నా మండలానికి ఇద్దరు బండేసుకుని తిరిగి, పంచాయతీ ఆఫీసు బోర్డో బడి బోర్డో ఫోటో తీసుకుని, అక్కడివాళ్ళను ఒక మాట అడిగి రాస్తే ఆలస్యమైనా తప్పు పోదు. పదిమంది కుర్రాళ్ళకు అదేమంత కష్టం?

మీకూ ఒక మనవి. జిల్లా పేజీల్లో ఈ ఊళ్ళ పేర్లు రోజూ తెలుగులో రాసేది మీ విలేకరులే. మండలాలవారీగా వాళ్ళు రాసే పేర్ల జాబితా ఒకటి ఇప్పించి, ఈ మ్యాప్‌లో వాడుకోవచ్చని ఒక ఉత్తరం ముక్క రాసివ్వగలరా?

— ఒక పాఠకుడు, కర్నూలు