మోటార్‌హోమ్ సంగతి

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో సగంలో ఆగిపోయిన సంగతి తీరిగ్గా రాస్తున్నాను. ఆ మోటార్‌హోమ్ చూసొచ్చాం. ఫోర్స్ ట్రావెలర్ వ్యానుని మార్చి కట్టిన చిన్న బండి. ఇద్దరికి పడక, గ్యాస్ పొయ్యి, అన్నిటికంటే ముఖ్యంగా కమోడ్ ఉన్న బాత్‌రూమ్.

మీ చెల్లి మోకాళ్ల సంగతి నీకు తెలుసు కదా. శ్రీకూర్మం వెళ్లిన రోజు దారిలో ఇబ్బందవుతుందని పొద్దుట్నుంచి గ్లాసుడు నీళ్లు కూడా తాగలేదు. అప్పట్నుంచి ఎక్కడికి పిలిచినా "మీరు వెళ్లిరండి" అంటోంది.

ఆ బండికి మొదటి మెట్టే మోకాలెత్తు. తలుపు కడ్డీ పట్టుకుని రెండుసార్లు చూసింది, కాలు లేవలేదు. మూడోసారి నా భుజం మీద చెయ్యేసి ఎక్కింది. బాత్‌రూమ్ తలుపు తీసి, మూసి, లోపల కూర్చుని చూసుకుంది. బయటికొచ్చి "తేలినీలాపురం పక్షులు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగింది. తనంతట తాను ఒక ఊరి పేరెత్తి ఎన్నాళ్లయిందో! మెట్టుదేముంది, ఇంకోటి వెల్డింగ్ చేయిస్తాను.

నాకు టెన్షన్ ఏసీ గురించే. బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. అంటే నిండా ఛార్జింగ్ ఉన్నా 2.4 యూనిట్లు. ఏసీ గంటకి ఒక యూనిట్ లాగినా రెండున్నర గంటల్లో ఖాళీ. మే నెల ఉక్కలో రాత్రంతా ఎలా పడుకుంటాం? కార్తీకం నుంచి మాఘం దాకానే తిరగాలి. నీళ్ల ట్యాంకు 80 లీటర్లు, పొదుపుగా వాడితే రెండు రోజులు. టాయిలెట్ డబ్బా నిండితే ఇంటికి తెచ్చి కడగాలి. ఆ పని నేను చేసుకుంటాను.

మా సందులో అది తిరగదు, తమ్ముడి ఖాళీ స్థలంలో పెట్టాలి. డబ్బంటావా, రిటైర్‌మెంట్ సొమ్ములో సగం పోతుంది. ఆ డబ్బుతో ఎన్ని రాత్రులు మంచి హోటళ్లలో దిగొచ్చో అబ్బాయి లెక్కేసి పంపాడు. లెక్క తప్పేం కాదు. కానీ హోటల్ చేరేదాకా దారిలోనే కదా మీ చెల్లి అవస్థంతా!

వ్యానుని ఇలా మారిస్తే ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి, లేకపోతే రేపు ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. అమ్మే ఆయన ఆర్‌సీ ఇంకా చూపించలేదు. అది చూడకుండా రూపాయి అడ్వాన్సు ఇవ్వను.

వచ్చే ఆదివారం టెక్కలిలో పొద్దున్నే బయల్దేరి రా. బండి ఇన్నాళ్లూ సముద్రం పక్కనే ఉందట, ఉప్పుగాలికి అడుగున ఎంత తిన్నదో చూడాలి. లారీల కింద దూరిన కళ్లు నీవి, నాకు అంతగా తెలియదు. టార్చి తెచ్చుకో.

నీ
బావ