దొనకొండలో పెట్రోలు అయిపోయింది

పొదిలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ ఇడ్లీ ప్లేటూ,

మూడు నెలలుగా జవాబు రాయలేదు, తిట్టుకో. అమ్మకి మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నదానికి పన్ను ఊడింది, పొగాకు రేటు అడక్కు. అసలు సంగతి, మొన్న దొనకొండ వెళ్లొచ్చాను రా!

యుద్ధకాలపు ఏరోడ్రోమ్ చూద్దామని. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు దిగి పెట్రోలు పోయించుకుపోయేవని తాతయ్య చెప్పేవాడే, అదే. రాజధాని అక్కడే అని 2014లో పేపర్లు గోల చేశాయి గుర్తుందా? ఇప్పుడు రన్‌వే మీద గొర్రెలు దిగుతున్నాయి. పగుళ్లలోంచి గడ్డి, అంచుల్లో చిల్లకంప. వంగి ఒక పెళ్ల ఎత్తి చూశాను, కింద చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి.

నువ్వుంటే 'రాడార్ ఏదిరా' అని నా ప్రాణం తీసేవాడివి. మా బావిలోకి నాతో అరిపించి, అరుపు తిరిగొచ్చే టైమే దూరం అన్నావే. రాడార్ కూడా అంతేనని, రేడియో తరంగం విమానానికి తగిలి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతు పడితే విమానం 150 కిలోమీటర్ల అవతల ఉన్నట్టని లెక్క వేశావు. ఎవరో బావిలో పడ్డారని మామ్మ చేంతాడు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది చూడూ! అది తలచుకుని రన్‌వే మధ్యన నిలబడి "ఓయ్" అన్నాను. తిరిగి రాలేదు, గొర్రెలాయన మాత్రం తిరిగి చూశాడు.

మామ్మ గుర్తొచ్చింది రా. 1942 ఏప్రిల్లో మద్రాసు ఖాళీ చేసి వచ్చినప్పుడు ఊరగాయ జాడీ ఒళ్లో పెట్టుకుని రైలెక్కిందట. 5న కొలంబో మీద బాంబులు, 6న విశాఖ, కాకినాడ మీద. ఆ రెండోవి ర్యూజో అనే ఓడ మీంచి లేచిన జపాను విమానాలు. కొలంబోలో రాడార్ ఉండీ ముందుగా కబురందలేదు. నీ లెక్క అక్కడ ఏమైందో మరి. ఆ జాడీ ఇంకా మా అటక మీదే ఉంది, మూత మాత్రం...

సరే, నవ్వకు. తిరిగి బయల్దేరుదామని కిక్కు కొడితే బండి కదల్లేదు. పెట్రోలు నిల్! విమానాలకి పోసిన చోట నా బండికి చుక్క లేదు. గొర్రెలాయన చేతికర్రతో రన్‌వే చూపించి "ఇక్కడే పోసేవాళ్లంట సామీ, కాస్త లేటయ్యావు" అన్నాడు. అంత ఎండలో ఇద్దరం పగలబడి నవ్వాం. బండి తోసుకుంటూ ఊళ్లోకి వెళ్తుంటే వెనక నుంచి తనూ ఓ చెయ్యి వేశాడు, గొర్రెల్ని మనవడికి అప్పజెప్పి. దారిలో వాళ్ల నాయన సంగతి ఒకటి చెప్పాడు, అది నీకు తప్పకుండా...

ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ,
బావిలో గొంతు