పులి బట్ట ఎక్కడుంది సార్? కళల శాఖ ఆఫీసరు గారికి బహిరంగ లేఖ

నమస్కారం సార్. నేనెవరో మీకు తెలుసు. హన్మకొండ నుంచి నాలుగు అర్జీలు పెట్టాను, రెండుసార్లు మీ గది బయట బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఇది ఐదోది. ఫైల్లో పడుకోకుండా ఉంటుందని నలుగురూ చదివేచోట పెడుతున్నా, తప్పుగా అనుకోవద్దు. అనుకున్నా పర్లేదు.

పారితోషికంలో సగం ఇంకా రాలేదు. అది తర్వాత చూద్దాం, మాకు అలవాటే. నేనడిగేది మీ స్టేజీ మీద నేను పులుల బొమ్మలు గీసిన ఆ బట్ట గురించి.

ఆ రాత్రి మీరు ముందు వరసలోనే ఉన్నారు. పదకొండు గజాల ఖద్దరు, దానికి చింతగింజల గుజ్జు, సుద్ద పూసి ఎండబెట్టడానికే వారం పట్టింది. సిరా కొన్నది కాదు. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి, తుమ్మ బంక. పక్కన కోయ డోలి మోగుతుంటే ఆ దెబ్బకు తగ్గట్టు కుంచె నడిపించాలి, చెయ్యి తప్పితే చెరపడానికి ఉండదు. మసి కదా. గంటన్నర నిలబడి గీశాను.

కోయలు చెప్పే కథలో సమ్మక్క పసిపిల్లగా పులుల మధ్య ఆడుకుంటూ దొరికింది. మేడారంలో అమ్మకు విగ్రహం లేదు, వెదురూ కుంకుమ భరిణే. అందుకే నేను అమ్మను గీయలేదు, చుట్టూ ఉన్న పులుల్ని గీశాను. ఆ పులులేమో ఇప్పుడు కవ్వాల్ వైపు, కాగజ్‌నగర్ వైపు వచ్చి బతకలేక పోతున్నాయి, 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు ఎలా చచ్చిపోయాయో మీరూ పేపర్లో చదివే ఉంటారు. తర్వాత జటాయువని దండం పెట్టే రాబందు, బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టుకున్న పొడుగు ముక్కువి. తర్వాత అలుగు, ముట్టుకుంటే బంతిలా ముడుచుకుంటుందే, అది. (మీ ఆఫీసులో అర్జీ ఇచ్చినా అచ్చం అలాగే ముడుచుకుంటారు.) చివర్న పాలపిట్ట. అది అంతరించేవాటి లెక్కలోకి రాదు, తెలుసు. కానీ దసరాకు దర్శనం చేయిస్తామని రెక్కలు కట్టి పంజరంలో తిప్పుతుంటే చూడలేక గీశాను.

అప్పుడే ఒక ముసలమ్మ స్టేజీ ఎక్కి, తడి ఆరని పులి నుదుట కుంకుమ పెట్టి దండం పెట్టింది. ఎవరూ చెప్పలేదామెకు. డోలి కొట్టేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగిపోయారు. మీ పక్కాయన మాత్రం "అమ్మవారు లేకుండా ఈ జంతువులేంటి" అన్నారు, నాకు వినిపించింది. మీరు మటుకు మంచిగా మాట్లాడారు. శాలువా కప్పి, "ఇది మన గ్యాలరీలో ఉండాల్సిన బొమ్మ" అని మైకులో అన్నారు, చప్పట్లు కూడా పడ్డాయి. నేను రసీదు అడగలేదు. పెద్దమనిషి మాట కదా అనుకున్నా.

ఏడాది దాటింది సార్. గ్యాలరీలో లేదు. మొన్న మీ స్టోర్ రూముకు పోతే తాళం తీసిన అబ్బాయి పాపం మొహమాటపడుతూ చూపించాడు, వానకు తడవకుండా స్పీకర్ల మీద కప్పిన బట్ట అదే. స్పీకర్లు తడవలేదు, సంతోషం. తుమ్మ బంక సిరా నీళ్లు తగిలితే ఆగదు, రాబందుల భాగమంతా బూడిద రంగు మరక. పశువులకు డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు ఇచ్చి, ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని అన్నేసి చంపుకున్నాక ఆ మందును పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు, మరి మీ స్టోర్ రూమును ఎవరు నిషేధించాలి?

ఇచ్చేయమంటే ఆ అబ్బాయి "సార్ సంతకం కావాలి" అన్నాడు. సార్ ఏమో మీటింగులో. ఎప్పుడూ మీటింగే.

గ్యాలరీ వద్దు, ఇంకో శాలువా వద్దు, ఆ మిగతా డబ్బులు ఇస్తే ఇవ్వండి లేకపోతే లేదు. బట్ట ఇప్పించండి. రాబందుల్ని మళ్లీ గీసుకుంటాను, మసి పట్టుకోవడం నాకు వచ్చు. ఆ కుంకుమ బొట్టు పెట్టడం మాత్రం నాకు రాదు, ఆ ముసలమ్మ ఏ ఊరో కూడా తెలియదు. దయచేసి ఒక్క సంతకం సార్.

వెతికేవాళ్లకు గుర్తు చెప్తున్నా: ఎడమ చివర మూడో పులి, నుదుట ఎర్రగా వేలిముద్ర. స్పీకర్ల మీద లేకపోతే జనరేటర్ పక్కన చూడమనండి.

ఇట్లు,
హన్మకొండ నుంచి, మీకు తెలిసిన బొమ్మల మనిషి