కొండకు వచ్చే ముందు వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పించు మామా

మామా,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. "బ్రేక్ ఆయిల్ కొంచెం తగ్గింది, పోసుకుని వచ్చేస్తాం" అన్నావు చూడు, సరిగ్గా అదే మాట రెండు నెలల కింద నేనూ అనుకున్నాను. పిల్లోడి పుట్టువెంట్రుకలకు మదనపల్లె నుంచి నలుగురూ ఎక్కి, భాకరాపేట ఘాట్ దిగి, మళ్లీ తిరుమల ఎక్కి దిగాలి కదా, అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నా.

నాన్న మారుతి 800 నీకు తెలిసిందే, 1997 మోడల్. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం నెలలో రెండుసార్లు కింది గీత దాకా దిగింది. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం మెల్లగా దిగడం మామూలే, కానీ ఇలా నెలకు రెండుసార్లు పోయాల్సి వచ్చిందంటే అది ఎక్కడో కారిపోతున్నట్టే, ఇంకో మాట లేదు. నేను మాత్రం పోసి మూత పెట్టేశాను. ఆ ఆదివారం అమ్మని దర్శనానికి తీసుకెళ్లి పాత ఘాట్ రోడ్డులో దిగుతుంటే, ఒక్కో మలుపుకీ పెడల్ ఇంకాస్త లోపలికి పోవడం మొదలైంది. సెకండ్ గేర్‌లో, ఒక్కోచోట ఫస్ట్‌లో పెట్టుకుని, ఇంజన్ మీదే బండిని ఆపుకుంటూ అలిపిరి చేరాను. అమ్మ వెనక సీట్లో గోవిందా గోవిందా అనుకుంటూనే ఉంది, ఆమెకు ఏమీ చెప్పలేదు. చొక్కా మాత్రం తడిసి ఒంటికి అంటుకుపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే ఎడమ వెనక చక్రం విప్పాను. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి (పట్టి ఉంటే డ్రమ్ము, అదే చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నె, రానే రాదు), జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు కూడా పెట్టాను. డ్రమ్ము ఊడాక లోపల చూస్తే, షూలని తోసే చిన్న గొట్టం లాంటి వీల్ సిలిండర్ చివర ఉండే రబ్బరు టోపీ కింద నల్లగా తడి. గోటితో దాని అంచు లేపానో లేదో, టీ డికాషన్ రంగులో ఒక చుక్క జారి షూ లైనింగు (డ్రమ్ముని రాసుకుని ఆపే పొర) మీద పడింది. లైనింగు అప్పటికే సగం నానిపోయి ఉంది. ఆయిల్ తాగిన లైనింగుని ఎంత కడిగినా మళ్లీ నమ్మలేం, షూలు మార్చాల్సిందే. అన్నట్టు, డ్రమ్ములో దుమ్ముని నోటితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిపి తుడిచెయ్.

సిలిండర్ విప్పి చూస్తేగానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. లోపల రెండు పిస్టన్లు, వాటి వెనక రబ్బరు కప్పులు, మధ్యలో స్ప్రింగు, అంతే. మనం పెడల్ తొక్కితే ఆయిల్ ఆ రెండింటినీ చెరోవైపు తోస్తుంది, షూలు విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. ఈ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది మామా. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమకి సిలిండర్ గోడ తుప్పు పట్టి గుంటలు పడుతుంది, ఆ గుంటల మీద రుద్దుకుని కప్పు అంచు తెగుతుంది. నా సిలిండర్‌లో వేలు పెడితే గరుగ్గా తగిలింది. ఇలాంటప్పుడు ఒట్టి రబ్బరు కిట్టు వేసి లాభం లేదు, సిలిండరే కొత్తది వేయాలి.

తేమతో ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఘాట్ రోడ్డులో దిగేవాళ్లకి అసలు భయం అదే. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉంటే ఆ వేడి ఆయిల్‌కి ఎక్కి, బుడగలు పుట్టి, పెడల్ నేలకి తగిలేస్తుంది.

విప్పడంలో అన్నింటికన్నా కష్టం సిలిండర్ వెనక ఉండే బ్రేక్ పైపు నట్టు. ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచు. మామూలు స్పానర్ పెడితే మూలలు అరిగిపోతాయి, బ్రేక్ పైపు నట్టుకనే వచ్చే స్పానర్ అడిగి తెచ్చుకో. నట్టుతో పాటు పైపు తిరిగితే ఆపెయ్, మెలిపడితే విరుగుతుంది. బిగించేటప్పుడు నట్టుని ముందు చేత్తోనే రెండు మూడు చుట్లు పట్టించి, ఆ తర్వాతే సిలిండర్ బోల్టులు బిగించు. స్ప్రింగులు ఎలా ఉన్నాయో ఫోటో తీసుకో, రెండు పక్కలా ఒకేసారి విప్పొద్దు, రెండోది చూసి మొదటిది కట్టుకోవచ్చు. కానీ మార్చడం మాత్రం రెండూ మార్చు. నా కుడివైపుది బయటికి పొడిగానే కనిపించింది, టోపీ లేపితే అక్కడా తడే.

పైపుల్లో చేరిన ఎయిర్ తీయడానికి మీ చెల్లెలు పెడల్ దగ్గర కూర్చుంది. నేను కింద సిలిండర్‌కి ఉండే నిపుల్‌కి (గాలి వదిలే చిన్న మర) తెల్ల ట్యూబు తగిలించి, దాని కొస సీసాలోని ఆయిల్‌లో ముంచి "తొక్కు, పట్టుకో" అంటే తను తొక్కిపట్టడం, నేను నిపుల్ వదిలి మళ్లీ బిగించాకే "ఇప్పుడు వదులు" అనడం. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) దూరంగా ఉన్న ఎడమ వెనకతో మొదలుపెట్టాం, తర్వాత కుడి వెనక, ఆ తర్వాత ముందువి. ట్యూబులో బుడగలు ఆగిపోయి తేనె రంగు ఆయిల్ సన్నగా వస్తుంటే ఎంత హాయిగా అనిపించిందో! మధ్యమధ్యలో డబ్బా ఖాళీ అవకుండా చూసుకో, అయిందంటే మళ్లీ మొదటికొస్తుంది. బండి పెయింటు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లు కొట్టు, లేకపోతే రంగు లేచిపోతుంది. సీలు తీసి ఎన్నాళ్లో అయిన పాత సీసా వాడొద్దు, కొత్తదే కొను.

మీ మెకానిక్‌ని "ఆయిల్ పోశావా" అని కాదు, "వెనక టోపీలు లేపి చూశావా" అని అడుగు. ఆయన కుదరదంటే శుక్రవారం రాత్రి బస్సులో వచ్చేయండి, కొండకు కూడా ఇక్కడి నుంచి బస్సులోనే వెళ్దాం. చూసి సరిచేసి ఇచ్చాడంటే మాత్రం ఇంటి దగ్గర ఖాళీ రోడ్డులో నెమ్మదిగా నడిపి, ఆపి, చక్రాల లోపలి పక్క తడి ఉందేమో ఒకసారి చూసుకుని బయల్దేరు. పీలేరు దాటగానే ఫోన్ చెయ్యి, శ్రీనివాస మంగాపురం దగ్గరికి ఎదురొస్తా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.