గండికోట అంచున రాతిని రాతిగానే ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

గత కార్తీకంలో మా మనుమడిని వెంటబెట్టుకొని గండికోటకు వెళ్ళివచ్చాను. ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ కోటను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా జుమ్మా మసీదు, ధాన్యాగారం దాటి, గుట్టలుగా పడివున్న ఎర్రరాళ్ళ మీదుగా అంచుకు చేరుకొని, ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ సుమారు 300 అడుగుల లోతున పారే పెన్నను చూసిన ప్రతిసారీ అరికాళ్ళలో సన్నగా వణుకు పుడుతుంది. ఈ చోటును అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయతో పోల్చి, ఆ పేరుతోనే చెప్పడం ఈమధ్య పరిపాటి అయింది. ఏటికి కొండ దారి ఇచ్చిన చోటును గండి అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు, ఆ గండిని బట్టే కోటకూ ఊరికీ పేరు వచ్చింది. అరువు పేరు మనకు అక్కరలేదని నా అభిప్రాయం.

భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి రాతిని గండికోట క్వార్ట్‌జైట్ అని మన ఊరి పేరుతోనే పిలుస్తారు. నేల మీద చెట్టూ జంతువూ ఇంకా పుట్టని కాలంలో నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకే గట్టిపడి ఈ రాయి అయింది. అందుకే కొన్ని బండల మీద ఆనాటి అలలు ఇసుకలో గీసిన వంపు గీతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. పొరలు అడ్డంగానూ నెర్రెలు నిలువుగానూ ఉండటం వల్ల, కొండ అంతా ఎవరో మేస్త్రీ వరుస తప్పకుండా రాళ్ళు పేర్చినట్టు కనిపిస్తుంది. చూడటానికి అందమైన ఆ అమరికలోనే ప్రమాదం ఉంది. నెర్రెల్లోకి వాననీరు దిగి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా సందు పెరిగి, అంచు బండలు వెనుక రాతితో పట్టు తప్పి నిలబడి ఉంటాయి. పైన నిలుచున్నవారికి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

ఆ రోజు సాయంత్రం పాతికేళ్ళ కుర్రవాడొకడు సెల్‌ఫోను పట్టుకొని అలాంటి బండ చివరకు నడిచాడు. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దామె దూరం నుంచే కేక వేసింది: "నాయనా, ఆడికి పోవాకు, ఆ బండ కదుల్తాది!" అతడు నవ్వి రెండడుగులు వెనక్కి వచ్చాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ బండకూ వెనుక రాతికీ నడుమ సందులో నా చేతికర్ర పెట్టి చూస్తే మూరెడు లోపలికి దిగింది. ఆ పక్కనే అలల గీతలున్న రాతి మీద ఎవరో తమ పేరూ ప్రియురాలి పేరూ ఆయిల్ పెయింటుతో రాసి పోయారు. మనుమడు "దీన్ని కడగొచ్చా తాతా?" అని అడిగాడు. గీకితే గీతలు కూడా పోతాయని చెప్పవలసి వచ్చింది.

గండికోట అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం ఒక పథకం కింద రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. మరుగుదొడ్లు, తాగునీరు, నీడ నిజంగా కావలసినవే, అవి కోట వాకిలి బయట, బండ్లు నిలిపే చోట రావాలి. అంచున మాత్రం కాంక్రీటు వేదికలు, రాతికి రంధ్రాలు వేసి బిగించే ఇనుప కడ్డీలు వద్దని విన్నవించుకుంటున్నాను. పట్టు తప్పిన రాతిని తొలిచి దానికే కంచె కడితే, ఆ కంచెకు ఆనుకున్నవారి ప్రాణానికి పూచీ ఎవరిది? అంచుకు పది గజాలు ఇవతల, అక్కడి రాళ్ళతోనే మోకాలెత్తు గోడ పేరిస్తే కంటికి అడ్డం రాదు, కొండకు హాని లేదు. గండి ఉన్న వైపు కొండనే గోడగా నమ్ముకొని మిగిలిన వైపుల ప్రాకారం ఎత్తిన మన పూర్వులకు ఆ రాతి స్వభావం తెలుసు. పెమ్మసాని నాయకుల కోట 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైనప్పుడు అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సైతం, ఆ కోటకు చేరే దారి ఎంత కష్టమైనదో ప్రత్యేకంగా రాసుకున్నాడు.

సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ జనం ఎక్కువగా చేరతారు కాబట్టి ఆ రెండు వేళల్లోనైనా కోట లోపలి ఊరివారినే జీతమిచ్చి కాపలాగా నియమించాలి. అంచున ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు భూగర్భ శాస్త్రం తెలిసినవారితో ఒక్కొక్క బండనూ పరీక్ష చేయించి, కదిలేవాటికి గుర్తు పెట్టించాలని పురావస్తు, పర్యాటక శాఖల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పరీక్షకు వెళ్ళేటప్పుడు మేకలు కాచేవారిని కూడా వెంట తీసుకువెళ్ళండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ప్రొద్దుటూరు.