ఆ పతంగి వేరు, ఈ పతంగి వేరు

సంపాదకులకు నమస్కారం.

సెలవులకు రామేశ్వరం వెళ్లి కైట్‌బోర్డింగ్ నేర్చుకోవాలనుకునే మన యువత కోసం ఈ ఉత్తరం. పెద్ద పటం గాలికి లాగుతుంటే, కాళ్లకు బోర్డు తొడుక్కుని నీళ్ల మీద జారే ఆట ఇది. 2024 ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారి చోటు దక్కింది. పోటీలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ తీరంలో జరిగాయి. కొత్తగా వచ్చేవాళ్లు ముందు బోర్డు గురించే అడుగుతారు. పెద్ద దెబ్బలు మాత్రం చాలావరకు బోర్డు కాలికి తొడగకముందే, ఒడ్డున పటం లేపేటప్పుడో దించేటప్పుడో తగులుతాయి.

సంక్రాంతికి మేడ మీద పతంగి ఎగరేసిన చేతికి ఒక అలవాటు ఉంటుంది. పటం జారుతుంటే దారం లాగుతాం. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. కంగారులో బార్‌ను, అంటే పటం దారాలు కట్టి ఉండే చేతికడ్డీని, గుండెల దగ్గరకు లాక్కుంటే పటం ఇంకా ఎక్కువ గాలి పట్టి మనిషిని ఈడ్చుకుపోతుంది. రెండు చేతులూ తీసేస్తే బార్ ముందుకు జారి, పటం బలం చాలావరకు తగ్గిపోతుంది. అప్పటికీ ఆగకపోతే హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ) ముందున్న క్విక్ రిలీజ్‌ను, అంటే పటం లాగుడును విడిపించే మీటను, ఒంటికి దూరంగా తోయాలి. పటం ఒక్క దారానికే మిగిలి నీళ్ల మీద వాలిపోతుంది. అయినా లాగుతుంటేనో, పక్కవాళ్ల దారాలతో చిక్కుపడితేనో లీష్ (ఆ ఒక్క దారాన్ని ఒంటికి కలిపే తాడు) కూడా విడిచి పటాన్ని వదులుకోవాలి. పటం ఖరీదు చూసుకుని ఆ క్షణంలో వెనకాడకూడదు. ఈ మూడూ వరసగా, కళ్లు మూసుకున్నా చెయ్యి చేసుకుపోయేదాకా నేల మీదే సాధన చేయాలి. రిలీజ్‌లో ఇసుక చేరితే తోసినా కదలదు. అందుకే నీళ్లలోకి దిగే ముందు ప్రతిసారీ దాన్ని ఒకసారి విడిచి, కడిగి, మళ్లీ బిగించుకోవాలి.

దారాలు నాలుగు, ఒక్కొక్కటి సుమారు 20 నుంచి 24 మీటర్లు. బార్‌పై ఎరుపు వైపు ఎడమ చేతికి రావాలి. ఎడమ, కుడి దారాలు తారుమారుగా కట్టామో, పటం లేచీ లేవగానే గింగిరాలు తిరుగుతుంది. సరిచేద్దామని తిప్పిన కొద్దీ ఇంకా తిరుగుతుంది. బార్ దగ్గర నుంచి పటం దాకా దారాల మధ్య వేళ్లు పెట్టుకుని నడిచి చూసుకుంటే ఈ తప్పు దొరికిపోతుంది. బిగువు మీదున్న దారాన్ని చేత్తో పట్టుకోవద్దు, మాంజాలాగే కోసేస్తుంది.

పటం లేపేటప్పుడు గాలి వీస్తున్న దిక్కుకు అడ్డంగా, నీళ్ల వైపు అంచున దాన్ని తోడున్నవాళ్లు పట్టుకోవాలి. అది రెపరెపలాడుతుంటే గాలికి మరీ ఎదురుగా ఉందని, పట్టుకున్నవాళ్లను లాగేస్తుంటే మరీ గాలివాటున ఉందని అర్థం. రెండింటిలో ఏది జరిగినా లేపకుండా చోటు మార్చుకోవాలి. గాలివాటున కనీసం 50 మీటర్ల మేర మనుషులు, పడవలు, రాళ్లు, కరెంటు తీగలు ఉండకూడదు. లేచిన పటాన్ని ఒడ్డున నడినెత్తిన ఉంచుకుని నిలబడటం మహా ప్రమాదం. ఒక్క విసురు చాలు, మనిషిని గాల్లోకి ఎత్తేస్తుంది. దాన్ని నీళ్ల వైపు కిందుగా ఉంచి, వెంటనే నీళ్లలోకి నడవాలి.

గాలి 12 నుంచి 18 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) మధ్య నిలకడగా ఉంటే కొత్తవాళ్లకు సరిపోతుంది. 15 నాట్లు కాస్తా 21 అయితే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. కారుమేఘం కమ్మితే వెంటనే పటం దించేయాలి. గాలి ఒడ్డుకు ఏటవాలుగా, సముద్రం నుంచి వీయాలి. ఒడ్డు నుంచి కడలిలోకి వీచే గాలిలో నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా దిగొద్దు. విశాఖ ఆర్కే బీచ్‌లాంటి రద్దీ తీరాల్లో, అలలు ఒడ్డునే విరిగేచోట నేర్చుకోవద్దు. నడుములోతు నీళ్లు, చదునైన ఇసుక ఉండాలి.

బోర్డు ఎక్కే ముందు, పటం లాగుతుంటే ఒంటితోనే నీళ్లలో గాలికి ఎదురు దిశగా సాగడం రావాలి. పటాన్ని ఒక పక్కకు కిందుగా ఉంచి, ముందు చేతిని నీళ్లలో చాపి చుక్కానిలా వాడాలి. కాస్త దూరం వెళ్లాక పటం, చెయ్యి రెండూ మార్చి రెండో వైపుకు తిరగాలి. పడిపోయాక బోర్డు చేరుకోవడానికి ఇదే దారి. బోర్డును తాడుతో ఒంటికి కట్టుకుంటే ఆ తాడు సాగి, బోర్డు వెనక్కి తలకే వచ్చి తగులుతుంది.

సాయం దొరకనప్పుడు ఒడ్డు చేరే పద్ధతి కూడా మొదటి పాఠాల్లోనే అడిగి నేర్చుకోండి. రిలీజ్ చేశాక ముందుగా లీష్ ఉన్న ఒక్క దారాన్నే బార్‌కు చుట్టాలి. మిగతా మూడూ వదులయ్యాకే వాటిని కలపాలి. నాలుగూ ఒకేసారి చుడితే పటం మళ్లీ గాలి పట్టి, దారాలు వేళ్లను బిగించేస్తాయి. అన్నీ చుట్టి పటాన్ని అందుకున్నాక దాన్నే తెరచాపలా పట్టుకుని ఒడ్డుకు రావచ్చు.

మొత్తం 9 నుంచి 12 గంటల శిక్షణ, మూడు నాలుగు రోజులు పడుతుంది. శిక్షకుడికి అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ గుర్తింపు ఉందా, ఒకేసారి ఎంతమందికి నేర్పుతారు, నీళ్లలో రక్షణ పడవ ఉందా అని డబ్బు కట్టే ముందే అడగండి. ఒకరిద్దరికి మించి ఒకే శిక్షకుడికి అప్పగించినా, మొదటి గంటలోనే బోర్డు ఇచ్చినా ఆ చోటు మీకొద్దు.

— ఒక కైట్‌బోర్డింగ్ శిక్షకుడు, రామేశ్వరం