పాత మామిడి రకాలను కాపాడమని ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మీకు చేరాల్సిన అర్జీలు కింది ఆఫీసులోనే ఆగిపోతున్నాయి కాబట్టి అందరి ముందూ రాయాల్సి వస్తోంది. నూజివీడు చుట్టుపక్కల పాత మామిడి చెట్లు నరికేయకముందే ఆ రకాలను జన్యు బ్యాంకులో, అంటే పంటల రకాలు అంతరించిపోకుండా దాచిపెట్టే చోట, పెట్టించమని అడుగుతూనే ఉన్నాం. అర్జీ మీద సీలు వేస్తారు, "పైకి పంపాం" అంటారు. పైకి వెళ్లి అడిగితే "మాకేం రాలేదు" అంటారు.

ఇన్నాళ్లకు వచ్చిన ఒకే ఒక్క జవాబు ఏమిటంటే, రకానికి రెండు కిలోల చొప్పున బాగా ఎండబెట్టిన విత్తనాలు కవర్లో కట్టి ఇమ్మని. మామిడికండీ! వరికీ కందికీ ఇచ్చే కాగితమే మాకూ ఇచ్చారు. మామిడి టెంక ఎండితే లోపల జీడి ముడుచుకుపోయి చచ్చిపోతుంది. తడి ఆరకుండా చూసుకున్నా కొన్ని వారాలే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో జొన్న, కంది, శనగ గింజలను మైనస్ 20 డిగ్రీల గదుల్లో ఏళ్ల తరబడి ఉంచుతున్నారంటే, అవి ఎండినా బతికే గింజలు కాబట్టి. పైగా చిన్నరసం టెంక నాటితే మొలిచేది చిన్నరసం కాదు. దాని తీపి, పీచు, కాపు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. అంటు కడితేనే ఆ రకం నిలుస్తుంది. ఆఖరి చెట్టు పడిపోతే ఇంక రకం లేనట్టే.

చెట్లు ఎందుకు పోతున్నాయో మీకు తెలియంది కాదు. ఒక ఏడు కాస్తే ఒక ఏడు కాయదు. తేనెమంచు పురుగుకీ తామర పురుగుకీ మందులు కొట్టీ కొట్టీ అప్పులు. కాసిన ఏడు ధర ఉండదు. తోట తీసేసి పామాయిల్ వేసిన రైతును నేను తప్పు పట్టను. మా పక్క తోటలో బావి గట్టు మీద తాతల నాటి పుల్ల మామిడి ఒకటి ఉండేది. దానికి రకం పేరంటూ లేదు, బావి గట్టు కాయ అనేవాళ్లం. ఆవకాయలో ఏడాది తర్వాత కూడా ముక్క కరకరలాడేది. ఆ తోట వెంచర్ అయింది. అంటు పుల్లలు కోసుకుందామని వెళ్లేసరికి జేసీబీ వేళ్లతో సహా పెకిలించేసింది. ఆకులు అప్పటికే వాడిపోయాయి.

పరిశోధన కేంద్రాల్లో చెట్లు పెంచుతున్నాం కదా అంటారు. పెంచుతున్నారు, సంతోషం. కానీ 2014లో హుద్‌హుద్ తుఫాను ఉత్తరాంధ్ర తోటలను, 2018లో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరిని ఏం చేశాయో చూశాం. నేల మీద ఉన్న చెట్టుకు ఇంకోచోట రెండో కాపీ ఉండాలి.

ఆ కాపీ మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టాలి. అదేమీ మన పల్లెలకు కొత్త కాదు. పశువుల ఆసుపత్రిలో ఎద సూదికి వాడే సెమెన్ (వీర్యం) స్ట్రాలు దాచే క్యాన్లలో ఉండేది ఇదే. గేదెల కోసం ఊరూరికీ వచ్చే నైట్రోజన్ మామిడి కోసం ఎందుకు రాదు? పూత సమయంలో పుప్పొడి తీసి అందులో ఉంచితే ఏళ్ల తర్వాత కూడా పనికొస్తుందని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఎప్పుడో చేసి చూపింది. ముందు పూసే రకాన్నీ ఆలస్యంగా పూసే రకాన్నీ కలపాలంటే కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లకు ఇంతకన్నా ఏం కావాలి? పుప్పొడి ఒక్కటే ఉంటే రకం మొత్తం తిరిగి రాదు, తండ్రి వైపు సగమే వస్తుంది, నాకు తెలుసు. అందుకే అంటు మొక్కలు కూడా పెంచాలి, కణజాలాన్ని గడ్డకట్టించి మళ్లీ మొక్కను చేసే పరిశోధనకు డబ్బూ ఇవ్వాలి. మనం తినే అరటికి గింజే ఉండదు. అయినా బెల్జియంలోని లూవెన్‌లో వెయ్యికి పైగా అరటి రకాలను ఇలాగే దాచారు.

2025 కేంద్ర బడ్జెట్‌లో 10 లక్షల జన్యు వనరులతో రెండో జన్యు బ్యాంకు పెడతామన్నారు. అందులో మన పండ్ల చెట్లకు చోటు కావాలని రాష్ట్రం నుంచి ఒక్క ఉత్తరమైనా వెళ్లిందా? వెళ్లకపోతే ఇప్పుడైనా రాయండి సార్, దండం పెడతాను.

ఈ పూతకైనా ఒక మనిషినీ ఒక క్యాన్‌నూ మా వైపు పంపండి. ఏ తోటలో ఏ చెట్టు మిగిలిందో మేం చూపిస్తాం, చెట్టెక్కి పూత కోసి ఇస్తాం, పైసా అడగం. ఈ పని ఏ ఆఫీసరు చూస్తారో పేరు రాసి, జవాబు కాగితం మీద ఇప్పించండి.

ఇట్లు,
నూజివీడు ప్రాంత మామిడి రైతు